శరత్కాలమున ఆపిలు తోట

దసరా దగ్గరపడునప్పటికి మన పట్టణములలో పండ్ల బండ్ల రంగు మారును. మామిడి వెళ్లి చాలనాళ్లయి యుండును. సీతాఫలములు గంపలలో దిగుచుండును. వాని ప్రక్కనే ఎఱ్ఱని ఆపిలు పండ్లు గోపురమువలె పేర్చబడి యుండును. సీతాఫలము మన గుట్టలది. దాని చెట్టును, ఆకును, పూతను మనము ఎఱుగుదుము. ఆపిలు పండును ఎఱుగని యిల్లు నేడు లేదు గాని, ఆ చెట్టును కన్నులార చూచినవారు మనలో బహుకొద్దిమంది. అది ఎట్టి చెట్టు? శరదృతువుతో దానికేమి సంబంధము? ఆ సంబంధమునకు నేడు వచ్చిన చిక్కేమి? ఈ మూడు విషయములను ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

మొదట ఋతువుల మాట. మన తెలుగునాట చెట్లు ఆకు రాల్చునది శిశిరమున, అనగా మాఘ ఫాల్గుణములలో. ఆ వెంటనే వసంతము వచ్చి చిగురు వేయించును. చెట్టు మోడుగా నుండునది కొద్దిదినములే. హిమాలయ లోయలలో అట్లు కాదు. అచ్చట ఆశ్వయుజ కార్తికములలోనే ఆకు పసుపుబారి, ఎఱ్ఱబారి రాలనారంభించును. పిమ్మట నాలుగైదు నెలలు చెట్టు మోడుగా, మంచులో నిలిచియుండును. ఆకు రాలుటకు ముందు పండు కోతకు వచ్చును. కావున ఆపిలు తోటకు శరత్తు పంటకాలమే గాక, ఇల్లు సర్దుకొని నిద్రకు సిద్ధపడు కాలము కూడ. ఈ రెండు పనులను చెట్టు ఒక్కసారే చేయును. దాని చరిత్ర అంతయు ఈ రెండింటి నడుమనే యున్నది.

మన దేశపు ఆపిలు పంటలో ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు కాశ్మీరమునుండి వచ్చును. సోపూరు, షోపియాన్, పుల్వామా ప్రాంతములు దానికి ప్రసిద్ధి. తరువాతి స్థానము హిమాచల ప్రదేశమునది. అచ్చట సిమ్లా, కుల్లూ, కిన్నౌరు జిల్లాల కొండచరియలు ఆపిలు తోటలతో నిండియున్నవి. ఉత్తరాఖండమునను కొంత పండును. హిమాచలమున పండుట కొండ దిగువనుండి ఎగువకు ప్రాకును. తక్కువ ఎత్తున గల తోటలు జూలైలోనే కోతకు వచ్చును. ఎగువ గ్రామములవారు సెప్టెంబరులో, కిన్నౌరువారు అక్టోబరులో కోయుదురు. కాశ్మీరమున ముఖ్యమైన కోత సెప్టెంబరు, అక్టోబరు నెలలది. మన దసరా, దీపావళి బేరము ఈ పంట మీదనే నడచును.

కాశ్మీరమున ఆపిలు ప్రాచీనమైనది. అచ్చటి 'అంబ్రీ' అను రకము సువాసనకు, నిలువకు పేరుపొందినది. హిమాచలమునకు మాత్రము ఈ చెట్టు క్రొత్తది. 1870లో లీ అను ఆంగ్ల సైనికాధికారి కుల్లూ లోయలోని బుంద్రోల్ గ్రామమున ఒక తోట వేసెను. ఆ దొరలు తెచ్చిన ఆంగ్లదేశపు రకములు పులుపు హెచ్చుగా గలవి. తీపిని కోరు మన ప్రజలకు అవి రుచింపలేదు. ఈ స్థితిని మార్చినవాడు అమెరికానుండి వచ్చిన సామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. ఆయన 1904లో కుష్ఠురోగులకు సేవచేయుటకై మన దేశమునకు వచ్చి, కోట్‌గఢ్ గ్రామమున స్థిరపడి, అచ్చటి యువతినే వివాహమాడెను. 1916లో అమెరికాలోని స్టార్క్ సోదరుల మొక్కలతోటనుండి 'రెడ్ డెలీషియస్' అను తీపిరకపు మొక్కలను తెప్పించి నాటి, ఇరుగుపొరుగు రైతులకు మొక్కలనిచ్చి, సాగు నేర్పెను. సహాయ నిరాకరణోద్యమమున పాల్గొని 1921లో చెఱసాలకేగెను. 1932లో హిందూమతము స్వీకరించి సత్యానంద్ అను పేరు ధరించెను. 1946లో, స్వరాజ్యము వచ్చుటకు ఒక ఏడాది ముందు, కీర్తిశేషుడయ్యెను. మడిచెక్కలలో ధాన్యము పండించుకొని కష్టజీవనము చేసిన ఆ కొండ గ్రామములు ఒకటి రెండు తరములలో సంపన్నములగుటకు ఈ పండే ఆధారమైనది.

ఆయన తెచ్చిన రెడ్ డెలీషియస్ కథ వినదగినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలోని అయోవా రాష్ట్రములో జెస్సీ హయట్ అను రైతు తోటలో, వరుసకు వెలుపల, తనంత తానుగా ఒక ఆపిలు మొక్క మొలచెను. వరుస తప్పిన మొక్క యని రైతు దానిని రెండుసార్లు నరికివేసెననియు, రెండుసార్లును అది మరల చిగిర్చెననియు చెప్పుదురు. బ్రతుకుటకు ఇంత పట్టుపట్టిన మొక్కను బ్రతుకనీయవలెనని అతడు దానిని విడిచిపెట్టెనట. అది కాచిన పండ్లను 1893లో స్టార్క్ సోదరుల పోటీకి పంపగా, రుచిచూచిన వ్యాపారి దానికి 'డెలీషియస్', అనగా మధురమైనది, అని పేరు పెట్టెను.

ఇందులో ఒక విశేషమున్నది. ఆపిలు గింజను నాటిన యెడల తల్లిచెట్టు వంటి చెట్టు రాదు. ఒక పండులోని పది గింజలను నాటిన పది విధములైన చెట్లు వచ్చును; వానిలో హెచ్చుపాలు పుల్లనివి, వగరువి, చిన్నకాయలవి. మన మామిడి టెంక వంటిదే యనవచ్చును. బంగినపల్లి టెంకనుండి బంగినపల్లియే వచ్చునన్న నమ్మకము లేదు గదా! కావున మంచి రకమును నిలుపుకొనుటకు అంటుకట్టుటయే మార్గము. వేఱొక ఆపిలు జాతి మొక్కను వేరుమూలముగా గైకొని, దానిపై కోరిన చెట్టు కొమ్మను అతికింతురు. ఆ కొమ్మ పెరిగి చెట్టగును. దానినుండి మరల కొమ్మ తీసి మరియొక మూలమున కట్టుదురు. ఈ విధముగా లోకమందలి రెడ్ డెలీషియస్ చెట్లన్నియు, మన బజారులో అమ్ముడుపోవు 'రాయల్' మొదలగు దాని ఉపరకములతో సహా, అయోవాలో నాడు నరుకుడుపడిన ఆ ఒక్క చెట్టు కొమ్మలే. అవి ఆ చెట్టు సంతానము కాదు, ఆ చెట్టే. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. చెట్టుకు వచ్చిన చిక్కు దీనితో ముడిపడియున్నది.

మరియొక నియమము కలదు. డెలీషియస్ పువ్వు తన జాతి పుప్పొడితో కాయ కట్టదు. ప్రక్కన 'గోల్డెన్ డెలీషియస్' వంటి వేఱు రకపు చెట్టుండవలెను; ఆ పుప్పొడిని మోయుటకు తేనెటీగలుండవలెను. అందుచేతనే వసంతమున పూతవేళ తోటల యజమానులు తేనెపట్టు పెట్టెలను అద్దెకు తెచ్చి తోటలలో ఉంచుదురు.

ఇక ఆపిలు పుట్టినిల్లు ఏది? మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతములు. నేటి కజకిస్థాన్ దేశమునందలి ఆ కొండలలో అడవి ఆపిలు వనములు ఇప్పటికిని ఉన్నవి. రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు వవిలోవ్ 1929లో ఆ ప్రాంతమును దర్శించి, మనము తిను ఆపిలునకు అదియే జన్మస్థానమని గుర్తించెను. పట్టుబాటలవెంట నడచిన వర్తకుల సంచులలో, గుఱ్ఱముల కడుపులలో ఆ గింజలు పడమటికి సాగెను. చలికాలము సుదీర్ఘమై, మంచు మెండుగా గల కొండలలో పుట్టిన చెట్టు గనుక, చలిని ఓర్చుకొనుటయే గాక చలిని కోరుటయు దాని స్వభావమైనది.

శరత్తులో కాయ పండగుటను కొంచెము పరిశీలింతము. వేసవియంతయు ఆకులు వండిన ఆహారము కాయలో పిండిపదార్థముగా చేరుచుండును. పక్వకాలము రాగానే కాయ 'ఇథిలీన్' అను వాయువును తనలోనే పుట్టించుకొనును. దాని ప్రేరణచే పిండి చక్కెరగా మారును, పులుపు తగ్గును, కండ మెత్తబడును, సువాసన పుట్టును. పైతోలున ఆకుపచ్చ తొలగి, ఎఱుపు నిచ్చు 'ఆంథోసయనిన్' అను రంగు చేరును. ఈ ఎఱుపునకు రెండు కావలెను: పగలు నిండు ఎండ, రాత్రి చల్లదనము. ఆకాశము నిర్మలమై, రాత్రులు చల్లబడు శరత్కాలమున ఈ రెండును సమకూడును. రాత్రులు వెచ్చగా నున్న ఏడు పండు తీయనగును గాని ఎఱ్ఱబారదు. ఎఱుపును బట్టి ధర పలుకు బజారులో అది రైతునకు నష్టము.

కాయ కోతకు వచ్చినదో లేదో తెలిసికొనుటకు తోటలలో ఒక పరీక్ష చేయుదురు. దీనిని మన ఇండ్లలో బాలబాలికలును చేసి చూడవచ్చును. ఆపిలును అడ్డముగా కోసి, కోసిన భాగముపై అయొడిన్ ద్రవము పూయవలెను. పిండి మిగిలియున్నంత మేర నీలముగా నల్లబడును; చక్కెరగా మారిన మేర రంగు మారదు. పూర్తిగా నల్లబడిన కాయ పచ్చిది. నడుమ తెల్లబడి అంచున నలుపు మిగిలినది నిలువకు తగినది. అట్లు కోసినప్పుడు నడుమ ఐదు రేకుల నక్షత్రము వంటి గింజల అరలు కనబడును. పరీక్ష చేసిన ముక్కను మాత్రము తినరాదు.

కోయుటలోను మెలకువ కలదు. కాయను పట్టి లాగరాదు. అరచేత నిమిడ్చి, కొంచెము పైకెత్తి త్రిప్పిన యెడల తొడిమతో సహా ఊడివచ్చును. లాగినచో కాయ నంటియున్న పొట్టికొమ్మ విఱుగును. ఆ పొట్టికొమ్మలపై రాబోవు ఏటి పూమొగ్గలు అప్పటికే ఏర్పడియుండును. ఈ ఏటి కాయ కొమ్మపై నుండగానే, వేసవిలోనే, మరుసటి ఏటి పువ్వు మొగ్గలో రూపుదిద్దుకొనును. పండు కోయువాని చేతిక్రింద రెండు సంవత్సరముల పంట యున్నదన్నమాట.

కోసిన కాయలను హిమాచలమున 'కిల్టా' అను వీపు బుట్టలలో మోసి, పరిమాణమును బట్టి వేరుపఱచి, అట్టపెట్టెలలో సర్దుదురు. పూర్వము కొండల కలపతో పెట్టెలు చేసెడివారు. దానివలన అడవులు తఱుగుచుండుటచే అట్టపెట్టెలు వచ్చినవి. కాశ్మీరమున పోప్లరు కలప పెట్టెలు నేటికిని కలవు. అచ్చటినుండి లారీలు ఘాటురోడ్లు దిగి, ఢిల్లీలోని ఆజాద్‌పూరు మండీకిని, పిమ్మట మన నగరములకును వచ్చును.

పంట యిల్లు చేరిన పిమ్మట తోటలో పని ముగిసినదనుకొనరాదు. ఆకు రాలుటకు ముందు చెట్టు దానిలోని నత్రజనిని, ఇతర సారమును వెనుకకు లాగికొని, బెరడులోను వేళ్లలోను దాచుకొనును. వసంతపు తొలిచిగురు ఆ నిలువతోనే వచ్చును. అందుచేత కోత పిమ్మట ఆకును ఆరోగ్యముగా నిలుపుట అవసరము. రాలిన ఆకులు మాత్రము శత్రువునకు ఆశ్రయమగును. 'స్కాబ్' అను మచ్చతెగులు బూజు రాలిన ఆకులలో చలికాలము గడపి, వసంతవర్షములతో లేచి క్రొత్త ఆకులను పట్టుకొనును. 1983లో ఆ తెగులు హిమాచలపు తోటలను తీవ్రముగా దెబ్బతీసెను. ఆకు రాలువేళ యూరియా ద్రావణమును చల్లి, ఆకు త్వరగా కుళ్లునట్లు చేయుట దీనికి ఒక ప్రతిక్రియ.

ఇప్పుడు చలి లెక్కకు వత్తము. ఆకు రాల్చిన చెట్టు నిద్రించును. నడుమ నాలుగు వెచ్చని దినములు వచ్చినంతమాత్రమున మేలుకొన్నచో, మరుసటి మంచున పూత మాడిపోవును. అందుచేత ప్రకృతి దానికొక కట్టడి చేసినది. ఇంచుమించు 7 డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడిన చలిలో నిర్ణీతమైన గంటలు గడచినగాని మొగ్గ మేలుకొనదు. డెలీషియస్ రకమునకు ఈ గంటలు వేయికి తక్కువ కావు. లెక్క నిండిన పిమ్మట వచ్చు వెచ్చదనమునకే అది కన్ను తెఱచును. లెక్క నిండని యెడల పూత ఒక్కుమ్మడిగా రాదు; కొన్ని మొగ్గలు ముందు, కొన్ని వెనుక, కొన్ని అసలే విచ్చవు. రెండు రకముల పూత ఒకే సమయమున రానప్పుడు తేనెటీగ మాత్రము ఏమి చేయగలదు? కాయ కట్టదు.

చలికాలములు వెచ్చబడుచున్న ఈ దినములలో చిక్కంతయు ఇదియే. కుల్లూ లోయ దిగువ భాగమున ఆపిలు చెట్లను తీసి దానిమ్మను, కూరగాయలను వేసిన రైతులు అనేకులు. ఒకప్పుడు ఆపిలునకు మితిమీరిన చలి యని విడిచిన లాహౌలు, స్పితి ప్రాంతములలో తోటలు లేచుచున్నవి. తోట కొండ నెక్కుచున్నది. కొండకు మాత్రము ఒక కొన యున్నది. ధాన్యపు పైరైనచో గింజనుండి గింజకు మారుచు, ఎన్నికచేత క్రొత్త వాతావరణమునకు కొంత అలవాటుపడును. లక్షలుగా నాటినను ఒకే చెట్టైన డెలీషియసునకు ఆ అవకాశము లేదు. 1870 ప్రాంతముల అయోవా చలికాలమునకు కుదిరిన లెక్కనే అది నేటికిని పెట్టుచున్నది. మనుష్యుడు వేఱు రకమును తెచ్చి అంటుకట్టవలసినదే గాని, అది తనంత తాను మారజాలదు.

శరత్తు సైతము నమ్మదగినదిగా లేదు. 2019 నవంబరు తొలివారమున కాశ్మీరమున ఆకు రాలకమునుపే భారముగా మంచు కురిసెను. ఆకులు మంచును పట్టి నిలుపుటచే బరువునకు కొమ్మలు, మ్రాకులు చీలిపోయెను. ఏండ్ల తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోయిన రైతులెందఱో! 2025లో వర్షములకు కొండచరియలు విఱిగి జమ్మూ-శ్రీనగరు రహదారి కోతకాలముననే దినముల తరబడి మూతపడగా, లారీలలోనే పండు కుళ్లెను. ఆ సెప్టెంబరులోనే బుద్గామునుండి ఢిల్లీకి పండ్లకై రైలు నడచుట ఆరంభమైనది. ఒకే పంటపై, ఒకే బాటపై బ్రతుకు లోయకు శరత్తులోని ప్రతి దినము విలువైనదే.

చలి తక్కువ కోరు రకములు లేవా? కలవు. ఇశ్రాయేలు దేశమున పుట్టించిన 'అన్నా' అట్టిది. హిమాచలములోనే బిలాస్‌పూరు జిల్లాలో, ఆపిలు పండని దిగువ ఎత్తున, హరిమన్ శర్మ అను రైతు ఎన్నిక చేసిన 'హెచ్.ఆర్.ఎమ్.ఎన్.-99' మరియొకటి. ఆయనకు 2025లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఇట్టి రకముల మూలముననే ఆపిలు మన తెలుగునాటను అడుగిడినది. విశాఖ మన్యమున చలికి పేరుపొందిన లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో కొందఱు గిరిజన రైతులు నాటి చూచిరి. తెలంగాణమున ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలములో ఒక రైతు తోట 2020 వేసవిలో కాపునకు వచ్చినది. అచ్చట పండు శరత్తున రాదు. ఎండకాలమున, జూన్ నాటికే వచ్చును. జావా ద్వీపములో మలాంగ్ సమీపపు కొండలపై చలికాలమే లేదు. అచ్చటి రైతులు కోత కాగానే ఆకులన్నిటిని చేతితో దూసివేసి, చెట్టు నిద్రకు పోకుండ మరల పూయించుచున్నారు. మార్గము లేకపోలేదని దీనిచే తెలియును. కాని మైదానపు రైతు సోదరులు ప్రకటనలు చూచి ఎకరముల కొలది నాటుట తగదు. పది చెట్లు నాటి, నాలుగేండ్లు పరీక్షించి, ఉద్యానశాఖవారిని సంప్రదించి ముందడుగు వేయుట మేలు.

కడపట గృహిణులకు నాలుగు మాటలు. శరత్తున కోసిన ఆపిలు వేసవిలోను దొరకుచున్నదనిన, అది గాలి కట్టడిగల చలిగిడ్డంగులలో నిద్రించియున్నదని యెఱుగవలెను. సున్నా నుండి రెండు డిగ్రీల చలిలో, గాలిలోని ఆమ్లజనిని రెండు మూడు పాళ్లకు తగ్గించినచో పండు ఊపిరి మందగించి నెలల తరబడి నిలుచును. ఇంగ్లండులో 1920 ప్రాంతముల కిడ్, వెస్ట్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి పునాది వేసిరి. మరికొన్ని పండ్లు భూగోళపు దక్షిణార్ధమునుండి, న్యూజీలాండు వంటి దేశములనుండి వచ్చును. మన చైత్రము వారికి శరత్తు.

ఇంటిలో ఆపిలును ఆకుకూరల దగ్గర ఉంచరాదు. అది వెలువరించు ఇథిలీన్ ఆకును పసుపుబార్చును. పచ్చి అరటి పండవలెనన్నచో మాత్రము ఆ ప్రక్కన ఒక ఆపిలు నుంచిన త్వరపడును. కోసిన ముక్క గాలి తగిలి గోధుమవన్నె కెక్కుట చెడుట కాదు. నిమ్మరసము చల్లిన ఆగును. రోగికి ఆపిలే పథ్యమను నమ్మకముతో శక్తికి మించి కొనవలసిన పని లేదు. పేదవాని ఆపిలని పేరుబడిన మన జామపండులో సి విటమిను ఆపిలులోకంటె ఎన్నో రెట్లు హెచ్చు. ఆపిలును దాని రుచికై, కరకరలాడు కండకై తినవచ్చును.

ఈ దీపావళికి బండివాడు ఒక ధర చెప్పినప్పుడు, అది అతడు పెట్టిన ధర మాత్రమే కాదని శ్రోతలు గుర్తింతురు గాక. గడచిన చలికాలమున ఒక కొండపై ఎన్ని గంటల చలి పడినది, పూతవేళ తేనెటీగ వచ్చినదా, కోతవేళ బాట తెఱచియున్నదా అను లెక్కలన్నియు ఆ ధరలో ఇమిడియున్నవి. మన పళ్లెములో పండు చేరువేళకు అచ్చట ఆకులు రాలి, చెట్టు రాబోవు ఏటి చలిని లెక్కింప మొదలిడియుండును.